ఆపుకున్నంతసేపే

మణికొండ,
హైదరాబాద్.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ సెలీనా వందనాలు. నేను కులాసాగానే ఉన్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. నువ్వు పంపిన నిమ్మకాయ పచ్చడి నాకంటే నా రూమ్మేట్ సంధ్యే ఎక్కువ తినేసింది. మిగిలింది దాని కంటపడకుండా దాచాను.

ఫోన్ చేస్తే అరనిమిషంలో పెట్టేస్తున్నానని అలిగి ఉత్తరం రాశావు. అందులో ఒక్క గుక్కలో మూడు అడిగావు. ఫోన్లో విన్న ఆ శబ్దం ఫిట్సా? రాహేలు పెద్దమ్మకు ఉన్నటువంటి, చేతులు కడిగే చాదస్తమా? లేక నేనే కావాలని చేస్తున్నానా? మూడోది చదివి నీ మీద చాలా కోపం వచ్చింది.

ఆఫీసులోనూ అదే మాట. మొన్న క్లయింటుతో కాల్‌లో ఉండగా నా మెడ పక్కకు ఎగిరిపడింది, గొంతులోంచి ఆ శబ్దం వచ్చింది. మా లీడ్ మధుకర్ పక్కకు పిలిచి, "ఏంది సెలీనా, వాళ్లు మాట్లాడుతుంటే గట్ల ఎక్కిరిస్తవా? ప్రాజెక్టు పోతే జవాబెవరు చెప్తరు?" అన్నాడు. రూముకొచ్చి ఏడ్చాను. సంధ్య ఊరుకోలేదు. "ఇగ చాలు, లే. దవాఖానకు పోదాం" అని చందానగర్‌లో నరాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

ఆవిడ అన్నీ విని, "ఆపుకోగలవామ్మా?" అని అడిగింది.

"కాసేపు ఆపగలనండి. తర్వాత అంతకంతా వస్తుంది."

"దీన్ని టూరెట్ అంటారు. చిన్నప్పుడే మొదలవుతుంది. నీ తప్పేమీ లేదు" అంది. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అనలేదమ్మా.

ఫిట్స్ అయితే కాసేపు ఆగమంటే ఆగవట. పెద్దమ్మకు చేతులకు మురికి అంటిందన్న భయం ముందు పుడుతుంది, అది పోవడానికి కడుగుతూ ఉంటుంది. నాకు ఏ భయమూ పుట్టదు. తుమ్ము వచ్చే ముందు ముక్కులో పుట్టినట్టు మెడలో ఒక గిలి, విదిలిస్తే కాస్త హాయి, అంతే. కొందరికి రెండూ కలిసి ఉంటాయట, నాకు లేదంది. మందులున్నాయి, నేర్చుకునే పద్ధతులున్నాయి, తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేనంది.

ఇది మళ్లీ వచ్చిందని నీ గుండె గుభేలుమంటుందని తెలుసు. మళ్లీ రాలేదమ్మా. అసలు పోనేలేదు.

పోయిన ఈస్టర్‌కు ముందు, శ్రమల కాలంలో ఉపవాస ప్రార్థన ముగించి, చర్చిలో లేచి, నా బిడ్డకు దేవుడు స్వస్థత ఇచ్చాడని సాక్ష్యం చెప్పావు. ఆరాధన అంతా నేను నీ పక్కన కదలకుండా కూర్చున్నాను కదా, అది చూసి అనుకున్నావు. పళ్లు బిగబట్టి కూర్చున్నానమ్మా. ఇంటికి రాగానే స్నానాల గదిలో దూరి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో అంతా వదిలేశాను. బయటికొచ్చేసరికి నీ ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు ఆర్పడం ఇష్టం లేక దాచేశాను. సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేసేదీ అందుకే.

ఇప్పుడు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి నాకు చూసిన సైమన్ వాళ్ల అమ్మానాన్నల్ని పిలిచావు. వాళ్ల ముందు నన్నే సాక్ష్యం చెప్పమంటున్నావు. దాంతో సంబంధం ఖాయమవుతుందని నీ ఆశ. ఆ మాట నా నోట రాదు. వస్తే, పెళ్లయ్యాక ఆ ఇంట్లో బతుకంతా కుళాయి తిప్పుకుంటూ ఉండాలి.

నువ్వు అబద్ధం చెప్పావని అనడం లేదు. నీ ప్రార్థన వృథా అయిందనీ అనను. సంఘంలో నీ మాట పోతుందని, సంబంధం తప్పిపోతుందని నాకూ భయంగానే ఉంది. అయినా కూడిక ఆపొద్దు. శుక్రవారం లింగంపల్లిలో రైలెక్కుతున్నాను. నీ పక్కనే కూర్చుంటాను. ఈసారి ఆపుకోను. ప్రార్థన మధ్యలో శబ్దం వస్తుంది, అందరూ తిరిగి చూస్తారు. అప్పుడు నా పక్కనుంచి జరగకమ్మా.

ఇట్లు,
నీ కూతురు,
సెలీనా