కప్ప వంతు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాసేది.

ఇక్కడ ................ క్షేమం. నువ్వు కూడా అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

పైన చుక్కలు చూసి కంగారు పడకు. మరిచిపోయి వదల్లేదు. ఆ వాక్యం రాయడానికి నేను ఆలోచించక్కర్లేదు, చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. అందుకే ఈసారి చేతిని ఆపాను. మిగతాదంతా రాశాక చూద్దామనుకున్నాను.

ఇంకో మాట. ఈ ఉత్తరం తెచ్చే పడవలోనే నువ్వు సెలవుకి బయలుదేరాలి కదా, ఇది నీ చేతికి వచ్చేసరికి సంచి భుజాన వేసుకుని పడవ ఎక్కడానికి నిలబడి ఉంటావు. ఇప్పటికే విప్పేశావు కాబట్టి చదువుతున్నావు, అయినా చెబుతున్నాను, ఇక్కడితో ఆపి పడవెక్కి లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చో. అంచున కడ్డీ పట్టుకుని నిలబడి చదవకు. రెండు రోజుల ప్రయాణం కదా, తొందరేం లేదు. పక్కన ఎవరైనా మనిషి ఉంటే మంచిది.

కూర్చున్నావా.

నా మోకాలి గురించి అడిగావు. అలాగే ఉంది. మెట్లు ఎక్కితే నొప్పి లేదు, దిగితే ఉంది. డాక్టరమ్మ బరువు తగ్గమంది. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు నిలబడి దుప్పట్లు మడతపెట్టిన కాళ్లు ఇవి, "బరువు నాది కాదమ్మా, మీ దుప్పట్లది" అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. నేను మందుచీటీ తీసుకుని వచ్చేశాను. వంటింటి కుళాయి బాగు చేయించాను, వాషరు పోయిందట. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. ఇల్లు మరీ చప్పుడు లేకుండా అయిపోయింది. నీ గదిలో పరుపు ఎండలో వేశాను. నువ్వు అడిగిన ఊలు మేజోళ్లలో ఒకటి అల్లాను, రెండోది మడమ దగ్గర ఆగింది.

లైట్‌హౌస్‌లో దీపం గదికి ఎక్కే ఇనప మెట్లు తడిగా ఉంటున్నాయని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నా ప్రాణం ఆ మెట్ల మీదే ఉంది. కడ్డీ పట్టుకునే దిగావు కదా. డీజిలు ఇంజను దగ్గర మఫ్లరు వేసుకుని తిరగొద్దని నీ బదులు డ్యూటీకి వచ్చే ఆయనకి చెప్పావా, చక్రంలో చిక్కుకుంటే ఇంకేమైనా ఉందా. వచ్చేటప్పుడు స్టవ్ ఆపావా లేదా అని అడగాలని ఉంది. పడవలో ఉన్నవాడిని అడిగి ఏం లాభం. ఆపే ఉంటావులే.

ఇక నువ్వు కాగితం సగం నింపిన సంగతి. నీ మాటలే మళ్లీ రాస్తున్నాను. "అక్కా, బావకి ఏమైంది? ఆటలో ఆయన కప్ప ఇదివరకు గీత తొక్కి తప్పయినా సరే, దూకితే ఇసకంతా లేచిపోయేది. ఇప్పుడు దొడ్లో కాలవ దాటినట్టు దూకుతోంది. ముసలాడైపోయాడా, లేక బామ్మర్ది మీద జాలి పడుతున్నాడా? జాలే అయితే ముందే చెప్పమను, రేవులో దిగీ దిగగానే జుట్టు పీకేస్తాను, ఉన్న నాలుగు వెంట్రుకలూ పోతాయి. ఆ గోధుమరంగు స్వెట్టరు వేసుకునే రమ్మను, పడవలోంచే గుర్తుపట్టి తిట్టడం మొదలెడతాను."

ఇది నాలుగుసార్లు చదివాను. చదివి మడిచి, మళ్లీ విప్పి చదివాను.

ఆ ఆట పెట్టె మన ఇంటికి ఎలా వచ్చిందో నీకు గుర్తుందా? నాకు బాగా గుర్తు. అంతకుముందు మూడేళ్లు మీరిద్దరూ మాట్లాడుకోలేదు. "సముద్రం మధ్య దీపం వెలిగించి కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనా" అని మీ బావ నలుగురిలో అన్నారు, నువ్వు ఎంగిలి చేత్తో లేచి వెళ్లిపోయావు. అలిగితే మూడేళ్లు. ఆయన బస్సు నడిపిన మనిషి, వెనక్కి తిప్పడం అలవాటు లేదు. నీకసలు ముందుకు రావడమే అలవాటు లేదు. మధ్యలో నేను ఇద్దరి తరఫునా ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు పార్సిలు వచ్చింది. లోపల అరచేతిలో పట్టేంత వీడియో ఆట పెట్టె, దాని మీద సిగరెట్టు డబ్బా అట్టముక్క. "ముంగిస పరిగెత్తింది. దమ్ముంటే దాటు." అంతే. క్షేమం లేదు, నమస్కారం లేదు.

మీ బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పసుపు టోపీ కప్ప ఎవరు?" అన్నారు. టీవీలో చూపించేవారుట, ముంగిసది ఒక కంపెనీ, కప్పది ఇంకో కంపెనీ, ఒకదాని మొహం ఒకటి చూసుకునేవి కావట. ఈ ఆటలో మాత్రం రెండూ పక్కపక్కన నిలబడి పరిగెడతాయి, ఈదుతాయి, దూకుతాయి. "మనకంటే వీటికే బుద్ధుంది" అన్నారు. ఆ సాయంత్రమే కప్పతో పరుగు పెట్టించారు. మలుపు వస్తే కుర్చీతో సహా ఒరిగేవారు. కుడికాలితో నేలని బ్రేకులా తొక్కేవారు. "ఏవండీ, హారన్ కూడా కొట్టండి" అంటే, "పక్కకి తప్పుకోవే, ముసలి ప్యాసింజరూ" అనేవారు. అప్పట్నుంచి తొమ్మిదేళ్లు ఆ పెట్టె ఒక నెల నీ దగ్గర, ఒక నెల మా దగ్గర. ఆయన తిట్లు చెబితే నేను రాసేదాన్ని. నువ్వు తిట్టింది నేను చదివి వినిపించేదాన్ని.

ఆ దూకుళ్లు మీ బావవి కావురా. నావి.

మీ బావ లేరు. ఇవాళ్టికి నాలుగు నెలల పదకొండు రోజులు.

రాసేశాను. నాకేదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. బయట ఎవరో గేటు వేస్తున్న చప్పుడు వినిపించింది, వేశారా లేదా అని చూసి వచ్చాను. వేశారు.

జరిగింది చెబుతాను. మధ్యాహ్నం. నేను వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. ఆయన ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీలో దూకుడు ఆట ఆడుతున్నారు. టీకి పిలిస్తే, "రెండు దూకుళ్లయ్యాయి, ఇంకొకటి ఉంది, అది కానిచ్చి వస్తా" అన్నారు. ఆ తర్వాత పెట్టెలోంచి ఒకటే పాట. మనం ఏమీ నొక్కకపోతే వస్తుందే, డింగు డింగుమని, అది. ఒకసారి, పదిసార్లు, ఆగదు. "ఏవండీ, టీ చల్లారిపోయింది" అన్నాను. "ఆ దిక్కుమాలిన పాట ఆపండి, తల తిరుగుతోంది" అన్నాను. "కళ్లకి ఆపరేషన్ అయింది, ఇక చెవులకి కూడా చేయించాలా" అని కూడా అన్నాను. దుంపలన్నీ అయ్యేదాకా తిడుతూనే ఉన్నాను. తమ్ముడూ, నేను తిట్టింది ఎవరిని?

తర్వాత పెట్టె కీచుమని కూసింది. ఛార్జింగ్ అయిపోయేటప్పుడు కూస్తుంది కదా. అలా కూస్తే ఆయన వెంటనే "ఏమే, వైరు!" అని కేకేస్తారు. తొమ్మిదేళ్లుగా అంతే. లేచి తీసుకోరు, గోడకున్న వైరు అడుగు దూరం, అయినా నేనే వెళ్లి పెట్టాలి. ఈసారి కేక లేదు. చెయ్యి తుడుచుకుంటూ వెళ్లాను. పెట్టె ఒళ్లో ఉంది. రెండు బొటనవేళ్లూ మీటల మీదే ఉన్నాయి. తల కాస్త వాలింది. బొమ్మలో కప్ప గీత దగ్గర నేల మీద కూర్చుని నిద్రపోతోంది, ముక్కు దగ్గర బుడగ లేస్తోంది. ఎర్ర దీపం ఆరి వెలుగుతోంది.

ఇప్పుడు రాసేది డాక్టరుకి చెప్పలేదు. కింది వాటాలో ఉన్న టైలరమ్మకి చెప్పలేదు. నీకే చెబుతున్నాను. వైరు గుచ్చే చోటికి ఆయన చెయ్యి అడ్డంగా ఉంది. ఆ చెయ్యి ఎత్తి పక్కన పెట్టాను. ఎలా ఉందో నాకు తెలిసింది. ఆస్పత్రిలో పనిచేసినదాన్ని, తెలియకపోవడం ఏమిటి. తెలిసి కూడా ముందు వైరే పెట్టాను. ఎర్ర దీపం పసుపు అయ్యేదాకా నిలబడి చూశాను. అప్పుడు మెట్లు దిగాను, మోకాలితో, నెమ్మదిగా. టైలరమ్మ మిషను ఆపి, "ఏమైంది పిన్నీ?" అంది. "మా ఆయన లేవడం లేదు, నీకు వీలైతే ఒకసారి పైకి వస్తావా" అన్నాను. వీలైతే అన్నాను.

గంట పైనే అయి ఉంటుందని డాక్టరు అన్నాడు. నిద్రలో పోయినట్టే, బాధేమీ ఉండదన్నాడు. అయినా ఆ వైరు పెట్టిన రెండు నిమిషాలు నన్ను వదలడం లేదు. ఒకవేళ డాక్టరు లెక్క తప్పితే? వాళ్ల లెక్కలు తప్పవా?

నీకు కబురు చేయాలని రేవు ఆఫీసు వైర్‌లెస్ మాట టైలరమ్మే ఎత్తింది. నేనే రాస్తానులే అన్నాను. తొమ్మిదో రోజు కాగితం ముందు కూర్చున్నాను. చెయ్యి రాసేసింది. "ఇక్కడ మేమిద్దరం క్షేమం." రాశాక చూశాను. కొట్టేయాలంటే అందులో ఏ మాట కొట్టేయాలో తెలియలేదు. అలాగే ఉంచితే దాని కింద "మీ బావ ఆడారు, పెట్టె పంపుతున్నాం" అని రాయాలి. రాశాక అది నిజం కావాలి కదా. పెట్టె తీసి మీట నొక్కాను. కప్ప ఉలిక్కిపడి లేచి, ఒళ్లు విరుచుకుని, నా వైపు చూసింది. మూడో దూకుడు నేను దూకించాను. బోర్లా పడింది. రెండు మీటర్ల ముప్పై. నువ్వు విరగబడి నవ్వుతూ రాశావు. తర్వాత మళ్లీ మా నెల వచ్చినప్పుడు నాలుగు రోజులు సాధన చేసి నాలుగు మీటర్ల పది దూకించాను. దాన్ని నువ్వు జాలి అనుకున్నావు. ఇలా నాలుగు ఉత్తరాలు, నాలుగు "మేమిద్దరం" అయ్యాయి.

ఆటలో ఎవరెంత దూకారో చూపించే పలక మీద అన్నిటికంటే పైన ఇంకా ఆయన ఏడు మీటర్ల ఎనభై రెండే ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. ముట్టుకునేంత ఆట నాకు రాదు కూడా.

ఏడుపు రాలేదు. ఏడిస్తే తేలికవుతుందని టైలరమ్మ అంటుంది. తలుపేసుకుని కూర్చుని చూశాను. డ్రయ్యర్‌లోంచి తీసి మరిచిపోయిన దుప్పటిలా ఉన్నాను, వేడీ లేదు, తడీ లేదు. ఆయన పక్క మీది దుప్పటి మాత్రం ఉతికి, అంచుకి అంచు కలిపి, ఆస్పత్రి మడత పెట్టి అలమరలో పెట్టాను. అంచులు సరిగ్గా కలిశాయి.

నువ్వు నన్ను ఎంతైనా తిట్టు. చివరి చూపు కూడా దక్కకుండా చేశావని అను. నిజమే. కానీ పడవ ఒక రోజు ఆగి మళ్లీ వెనక్కి వెళుతుందని నాకు తెలుసు. నువ్వు అలిగితే ఎన్నాళ్లో కూడా తెలుసు. మొదటిసారి మూడేళ్లు మధ్యలో నేను నిలబడ్డాను. ఈసారి మధ్యలో నిలబడడానికి ఎవరూ లేరు. అదే పడవలో తిరిగి వెళ్లకు. రెండు రోజులు ఉండు. మాట్లాడకపోయినా సరే, అన్నం తిని ఆ గదిలో పడుకో.

ఈ నెల కప్ప వంతు ఆడలేదు. ఇక ఆడను. ఆ ఆటలో ఎవరూ ఎంచుకోని లావుపాటి బాతు ఒకటి ఉంది, పరుగులో కూడా నడుస్తుంది. కోపం తగ్గాక దాన్ని ఎలా దూకించాలో నాకు నేర్పు. తగ్గకపోయినా నేర్పు. పెట్టెకి ఛార్జింగ్ నిండుగా ఉంది, రోజూ చూస్తున్నాను.

పైన చుక్కలు పెట్టిన చోట ఏం రాయాలో ఇంత రాసినా తెలియలేదు. అలాగే ఉండనీ.

రేవుకి నేనే వస్తాను. టైలరమ్మ తోడు వస్తానంది, నా గురించి బెంగపడకు. అక్కడ గాలి ఎక్కువ, నా కోటు పలచబడిపోయింది. అందుకని ఆయన గోధుమరంగు స్వెట్టరు వేసుకుని వస్తున్నాను, చేతులు రెండు మడతలు పెట్టాను. దూరం నుంచి చూసి చెయ్యి ఊపకు తమ్ముడూ. అది నేను.

ఇట్లు,
మీ బావ బదులు కూడా,
నీ అక్క