గ్యాసు నిలవని నీలం కారు

అమీర్‌పేట,
2004 ఏప్రిల్ 26.

పంజాగుట్టలో కారు ఏసీలు బాగుచేసే ముషర్రఫ్ గారికి, ఛాయాదేవి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీ షెడ్డు మోతలో అటు మీరు "హలో" అనడం, ఇటు నేను "హలో" అనడం తప్ప పని జరగడం లేదు. అందుకని మా డ్రైవర్ సాయిలుకు కారుతోపాటు ఈ ఉత్తరం కూడా ఇచ్చి పంపుతున్నాను.

మొన్న మీరు నింపిన గ్యాసు మళ్లీ పోయింది. ఏసీ వేస్తే వడగాలి కొడుతోంది. అదేదో కిటికీ తీస్తే వచ్చేదే కదమ్మా అని సాయిలు అంటున్నాడు. మా అమ్మాయి రాగసుధ పురిటికి వచ్చింది. ఎనిమిదో నెల. బేగంపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ప్రాజెక్టు అయ్యేదాకా సెలవు పెట్టనంటుంది. పోయిన వారం ఎండకు కారులోనే కళ్లు తిరిగి ఒరిగిపోయింది. వేడి తగలనివ్వొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాబట్టి మళ్లీ గ్యాసు నింపి పంపేయకండి. అది ఎటు పోతోందో కనిపెట్టండి.

ఇట్లు,
ఛాయాదేవి

తా.క. ఇది రాస్తున్నది ఆమె భర్త హనుమత్ప్రసాద్. కరెంటు డిపార్ట్‌మెంటులో ఇంజనీరుగా రిటైరయ్యాను. కారుకు దిష్టి తగిలిందని మా ఆవిడ అభిప్రాయం. దిష్టికి గ్యాసు లీకవదని మీరు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

పంజాగుట్ట,
ఏప్రిల్ 27.

ఛాయాదేవి అమ్మగారికి, ముషర్రఫ్ ఆదాబ్. సార్‌కు కూడా.

గొట్టాలకు సబ్బునీళ్లు రాసి చూశాను. బుడగ రాలేదు. అంటే రంధ్రం చాలా చిన్నది. అందుకని ఈసారి గ్యాసుతో పాటు ఒక రంగు మందు ఎక్కించాను. అది గొట్టాల్లో తిరుగుతూ, కారిన చోట బయటకు వచ్చి అంటుకుంటుంది. వారం రోజులు బండి తిప్పి పంపండి. చీకట్లో నీలం దీపం పెడితే ఆ చోటు పచ్చగా మెరుస్తుంది. జర ఓపిక పట్టండి, ఫికర్ చేయకండి.

మీ
ముషర్రఫ్

తా.క. సార్ అడిగిన దిష్టి సంగతి రాసివ్వలేను. నా షటరుకే ఒక నిమ్మకాయ వేలాడుతోంది.

అమీర్‌పేట,
మే 4.

ముషర్రఫ్ గారికి, ఛాయాదేవి నమస్కరించి రాసేది.

మీ రంగు మందు సంగతి చదవగానే భయమేసింది. ఆ గాలి పీల్చేది కడుపుతో ఉన్న పిల్ల. రేపు బిడ్డ పచ్చగా పుడితే కామెర్లంటారు గానీ, ఏసీ మందు అని నేను చెబితే ఎవరైనా నమ్ముతారా? అందుకని ఈ వారం రాగసుధను ఆటోలో పంపాను. మీరు చెప్పారు కాబట్టి కారునూ ఆపలేదు. సాయిలు ఒక్కడే ఏసీ వేసుకుని, రోజూ బేగంపేట దాకా ఆ ఆటో వెనకే వెళ్లి వచ్చాడు. అమ్మాయి చెమటలు కక్కుతూ దిగింది, సాయిలు జలుబు చేసి దిగాడు. చివరి రోజుకు కారు మళ్లీ వేడెక్కింది. ఇంక మీ దీపం వెలిగించండి.

ఉంటాను,
ఛాయాదేవి

తా.క. రంగు గొట్టాల్లోనే ఉంటుందనీ, మనం పీల్చే గాలిలో కలవదనీ బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ బొమ్మ ప్రస్తుతం ఆవకాయ జాడీ కింద ఉంది. - హ.ప్ర.

పంజాగుట్ట,
మే 5.

అమ్మగారికి, ముషర్రఫ్ సలాములు.

షటరు దించి దీపం పెట్టాను. ఇన్నేళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను, ఇలాంటి లీకు చూడలేదు. మొదట బండి ముందరి జాలీ మెరిసింది. బానెట్ మెరిసింది. నాలుగు చక్రాలూ మెరిశాయి. ఏసీ గొట్టం చక్రాల్లోకి పోదు కదా అనుకుంటూ తలుపు తీస్తే స్టీరింగ్ మెరిసింది. తల తిప్పితే సాయిలు నుదురు మెరిసింది.

"అన్నా, గ్యాసు నాకు సుత ఎక్కిందా?" అని అతను అక్కడే కూలబడ్డాడు. చాయ్ తాగించి పంపుతున్నాను. జాలీ వెనకుండే, గ్యాసును చల్లార్చే కండెన్సర్ మొత్తం పోయిందనుకుని కొత్తదానికి చెప్పాను. చక్రాల సంగతే అంతుపట్టడం లేదు. మీ ఇంట్లో వాళ్లెవరైనా చీకట్లో మెరుస్తున్నారేమో జర చూసుకోండి.

మీ మంచి కోరే
ముషర్రఫ్

తా.క. మా ఇంటావిడ ఇమామ్ బీ ఇది విని ఆ కారు అమ్మేయమని చెప్పమంది. పట్టించుకోకండి. నా స్కూటరు గురించి కూడా అదే అంటుంది.

అమీర్‌పేట,
మే 6.

ముషర్రఫ్ గారూ, నమస్కారం. ముందు ఆ కండెన్సర్ ఆపండి.

అది మీ మందు కాదు, పసుపు. మంగళవారం, శుక్రవారం కారుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి హారతిస్తాను. బండి నడిపేది సాయిలు కాబట్టి అతనికీ నేనే పసుపు బొట్టు పెడతాను. పసుపు మీ దీపానికి మెరుస్తుందని నాకేం తెలుసు? మా ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. మిరియాల పాలు కూడా నేనే కాచి ఇవ్వాల్సి వచ్చింది.

మీతో చెప్పుకుంటే తప్పులేదు. నిరుడు రాగసుధకు ఐదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి ఈ కారులోనే తీసుకొచ్చాం. అప్పటినుంచి పిల్ల ఈ కారెక్కితే చాలు, తిరిగి వచ్చేదాకా నాకు గడప దాటబుద్ధి కాదు. పసుపు రాస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది, అంతే. శుభ్రంగా కడిగేయండి. లీకు దొరికేదాకా రాయను.

ఇట్లు,
మీ ఛాయాదేవి

తా.క. నేటి నుంచి మా కారు విషయంలో శాస్త్రీయ దృక్పథం అమలులోకి వచ్చింది. పసుపు, హారతి, నిమ్మకాయ, గుమ్మడికాయ వగైరా యావత్తూ నిషేధం. - హ.ప్ర.

పంజాగుట్ట,
మే 12.

ఛాయాదేవి అమ్మగారికి, మీ ముషర్రఫ్ ఆదాబ్.

బండి కడిగి, మళ్లీ మందెక్కించి, రోజూ తిప్పి చూశాను. ఈసారి ఒక్కచోటే మెరిసింది. బంపర్ వెనక, కింద పడుకుని చూస్తే గానీ కనబడని చోట, ఏసీ గొట్టానికి ఇనుప తీగ చుట్టి ఉంది. ఆ తీగకు ఎండిపోయిన నిమ్మకాయ, మిరపకాయలు. బండి కదిలినప్పుడల్లా తీగ రాసుకుని రాసుకుని, గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడింది.

మీ ఉత్తరం చదివాక ఈ మాట రాయడానికి నాకు చేయి రాలేదు. రాయకపోతే మళ్లీ అక్కడే కడతారు. నిమ్మకాయ కట్టుకోండి అమ్మా, తప్పేం లేదు. గొట్టానికి మాత్రం కట్టకండి. కొత్త గొట్టం వేసి, లోపలి గాలీ తేమా లాగేసి గ్యాసు నింపాను. ఇప్పుడు ప్రెషర్ నిలబడింది. బిడ్డను నిశ్చింతగా కూర్చోబెట్టండి.

దువాలతో,
ముషర్రఫ్

తా.క. తీగనూ కాయలనూ చెత్తలో వేయడానికి మనసొప్పలేదు. పొట్లం కట్టి పంపుతున్నాను. సార్ చూస్తే నవ్వుతారని, మీ చేతికే ఇవ్వమన్నాను.

అమీర్‌పేట,
మే 14.

అన్నగారు ముషర్రఫ్‌కు, చెల్లెలు ఛాయాదేవి నమస్కారాలు.

కారు చల్లగా ఉంది. నిన్న రాగసుధ ఆఫీసు నుంచి వస్తూ దారిలో నిద్రపోయిందట. ఇంటి ముందు లేపడానికి సాయిలుకు మనసు రాక, కాసేపు అలాగే ఉంచాడు. మీ చేతులు చల్లగుండాలి.

ఆ నిమ్మకాయ నేను కట్టలేదు. నేను కడితే నల్లదారంతో, ఊరందరికీ కనిపించేలా ముందు కడతాను. దాచాల్సిన అవసరం నాకేముంది? సాయిలును అడిగితే, నిమ్మకాయ పప్పులో పిండుకోవడం తప్ప తనకేమీ తెలియదన్నాడు. అప్పుడు తీగను చూశాను. రెండు మెలికలు వేసి, ఎవరి వేలికీ గుచ్చుకోకుండా కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. మా బాల్కనీలో బట్టల తీగ కూడా అలాగే ఉంటుంది. పెళ్లయిన నాటి నుంచి మా ఇంట్లో తీగ చుట్టేది ఒక్కరే.

పొట్లం విప్పి భోజనాల బల్ల మీద పెట్టాను. ఆయన వచ్చి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"గొట్టం కొత్తది వేశాడా?" అన్నారు.

వేశాడన్నాను. అయితే సరే అని బాల్కనీలోకి వెళ్లిపోయారు. నాకు నవ్వూ రాలేదు. ఈ ఇంట్లో భయపడేది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన నవ్వితే ఒళ్లు మండేది. ఆ మనిషికి నాకంటే ఎక్కువ భయం ఉందనీ, చెప్పుకోవడానికి దేవుడు కూడా లేడనీ నాకు తట్టనే లేదు.

ఒక సాయం చేయండి. సాయిలుకు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు ఇచ్చి పంపుతున్నాను. బంపర్ వెనకే, గొట్టానికి తగలకుండా, ఆయన వంగి చూస్తే కనిపించేలా కట్టండి. నేను పంపానని మాత్రం చెప్పకండి. మీరే జాలిపడి కట్టారనుకోనివ్వండి.

సెలవు,
మీ చెల్లెలు ఛాయాదేవి

తా.క. మిరపకాయలు ఏడే కట్టండి. ఆయన ఎనిమిది కట్టారు. ఎన్ని కట్టాలో తెలియదు, పాపం ఎవరిని అడుగుతారు?