తూర్పు గాలి తిరిగింది

నాయనా చిన్నరంగా, ఇక్కడ మాకేం కాలేదు, నా భయమంతా మీ గురించే. పడమటి మబ్బు ఈ ఏడూ మలెనాడు కొండల మీదే వాన దింపుకొని, మనకు వట్టి గాలి తోలింది. కాయ ఊరే వేళకు శెనక్కాయ చేను ఎండుతోంది. నిన్న గాలి తూర్పుకు తిరిగింది.

"ఇంక వాన వస్తాది లే నరసక్కా" అని పక్కింటి ఓబమ్మ నవ్వింది.

"నా కొడుకు నెత్తిన తుపానై దిగినాకే కదమ్మే, అది ఈడికొచ్చేది" అన్నాను.

రేడియోలో మీ నెల్లూరు పేరే చెప్పినారు. ఆ రొయ్యల గుంటల కాడ రేకుల కొట్టంలో ఉండొద్దు. నా కోడలు రామాంజినమ్మనూ బిడ్డనూ తీసుకొని ఊళ్ళో మిద్దె ఇంటికి పోండి. బిడ్డకు దగ్గు తగ్గిందా? వెంటనే కార్డు రాయి.

ఊరంతా వాన కోసం మొక్కుతుంటే, నేనొక్కదాన్నే రావద్దని మొక్కినాను. ఈ కార్డు పోస్టాయన చదివితే చదవనీ. ముగ్గురూ చల్లగా ఉండండి.

మీ అమ్మ నరసక్క, మంగళవాడ