రాజుగారి కారుకు రెండో గొట్టం

పెంటపాడు,
9-6-2003

చిరంజీవి ఏలీయాకు లక్ష్మీకాంతం దీవెనలు. ఇక్కడ కారు తప్ప అందరం క్షేమం.

మావారు నరసరాజుగారి కారుకు వెనకాల రెండు పొగగొట్టాలు పెట్టావు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి రెండో గొట్టం ఎందుకు నాయనా? ఏడాదిగా ఆయన కొల్లేటికోటలో చేపల చెరువు చూసుకుని, చప్పుడు లేకుండా పిల్లిలా ఇంట్లోకి వచ్చేవారు. అప్పుడే నాకు అనుమానం. ఇప్పుడేమో వీధి మొదట్నుంచే గుడగుడమంటూ వస్తున్నారు. ఎవరికి వినిపించాలని? అడిగితే నవ్వి మాట మారుస్తున్నారు. నువ్వన్నా నిజం రాయి.

నీ మేలు కోరే
లక్ష్మీకాంతం

తా.క. ఫోనే చేద్దును. ఈ మధ్య ఫోనులో అందరూ గొణుగుతున్నారు.

తాడేపల్లిగూడెం,
13-6-2003

అమ్మగారికి మెకానిక్ ఏలీయా వందనాలు. ప్రభువు దయవల్ల షెడ్డు నడుస్తోందండి.

రెండు గొట్టాలు పెడితే బండి వేగం పెరగదండి. ఆ చిన్న ఇంజను పొగకి ఒక గొట్టమే చాలు. రెండైతే పికప్ కాస్త తగ్గుతుంది కూడా. మారేది చప్పుడొక్కటే, సన్నగా వచ్చేది లావుగా, బొంగురుగా వస్తుంది. ఇదే చెప్పానండి. "పికప్ పోతే పోయింది, వినాల్సిన మనిషికి వినపడితే చాలు" అన్నారు రాజుగారు.

చిత్తగించవలెను,
ఏలీయా

తా.క. పిల్లిలా అన్నారు. పాత సైలెన్సరుకి చిల్లు పడి ఈలలా కీచుమంటుంటే, మీ ఊరి రైసుమిల్లు వాళ్లు కూడా తిట్టేవారండి.

పెంటపాడు,
17-6-2003

ఏలీయాకు,

ఈసారి దీవెనలు లేవు. వినాల్సిన మనిషి ఎవరు? చెరువు దగ్గర చేపలే కదా అనుకున్నాను. చేపలకి కారు చప్పుడుతో పనేమిటి? పైగా పాత కారు ఊరంతా అరిచేదని బొంకుతున్నావు. నా చెవిన ఒక్కనాడూ పడలేదు. ఆదివారంలోగా పేరు రాయకపోతే భీమవరంలో మా తమ్ముడింటికి పోతాను. మళ్లీ ఈ గడప తొక్కను.

లక్ష్మీకాంతం

తా.క. ఎదురింటి జ్ఞానప్రసూనాంబ వీణ ముందు కూర్చుని వేళ్లు ఆడిస్తోందే గానీ వాయించడం లేదు. అదీ ఏదో దాస్తోంది.

తాడేపల్లిగూడెం,
20-6-2003

అమ్మగారికి,

చెప్పనని రాజుగారికి మాటిచ్చానండి. మీరు భీమవరం అనేసరికి ఆ మాట గట్టున పెట్టేశాను.

ఆ మనిషి మీరేనండి.

మీకు సన్న చప్పుళ్లు వినపడడం లేదట. మీరు లోపల గడియ వేసుకుంటే ఆయన హారను కొట్టి కొట్టి, వానలో తడిసి, చివరికి పెరటి గోడెక్కి దిగేవారు. పిల్లిలా రావడమంటే అదేనండి. చెవుల సంగతి ఎత్తితే మీరు నొచ్చుకుంటారని ఆయనే ఏలూరు వెళ్లి డాక్టరుగారిని అడిగొచ్చారు. లావు చప్పుళ్లయితే మీకు ఇంకా అందుతాయన్నారట. అందుకని మీకు వినపడేదాకా నాచేత సైలెన్సర్లు మార్పించి మార్పించి, చివరికి ఈ రెండో గొట్టం పెట్టించారు. హారను కొట్టకుండానే మీరు ఎదురొచ్చి గేటు తీసిన రోజున, ఆ సంతోషం పట్టలేక నాకో కొర్రమీను తెచ్చిచ్చారండి.

మీరు ఎక్కడికీ వెళ్లకండి.

మీ ఏలీయా

తా.క. నేను చెప్పానని రాజుగారితో అనకండి. అనాల్సే వస్తే కాస్త గట్టిగా అనండి. ఆ కారులో తిరిగి తిరిగి ఆయనకీ ఈ మధ్య సరిగా వినపడడం లేదు.