ఖాళీకి సంజాయిషీ

4 ఆగస్టు 2025, సోమవారం. పొద్దున్నుంచి ముసురు. వీధి కాలవలో పూడిక తీశాను.

విశాఖపట్నం, తొలిపాఠం డిజిటల్ సంస్థలో ఉద్యోగ నియామకాలు చూసే పద్మకుమారి గారికి, చీపురుపల్లి దగ్గర్నుంచి జగన్నాధం నమస్కారం.

మీ మెయిలు అందింది. నా బయోడేటాలో కాంట్రాక్టుకీ కాంట్రాక్టుకీ మధ్య మూడు ఖాళీలున్నాయనీ, వాటికి సంజాయిషీ రాయమనీ అడిగారు. నేను ఇంట్లో కూర్చుని తెలుగు పుస్తకాలకు కంప్యూటర్లో పేజీలు కడతాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడు చేసి నేర్చుకున్నాను. పని ఉన్నప్పుడు చేశాను. లేనప్పుడు లేదు. అంతకంటే రాయడానికి నాకేమీ కనబడలేదు.

మీది నెల జీతం ఉద్యోగం కనుక నాకు కావాలి. చెన్నై నుంచి మూడు నెలల కాంట్రాక్టు ఒకటి వచ్చింది. ఇరవయ్యో తేదీలోగా అవునో కాదో చెప్పాలి. అది ఒప్పుకుంటే మరో ఖాళీ తయారవుతుంది.

ఇట్లు,
జగన్నాధం

తా.క. ఖాళీలు మూడు కాదు, నాలుగు. ఒకటి మీ కంట పడలేదు.

*

6 ఆగస్టు, విశాఖపట్నం

జగన్నాధం గారికి, శుభోదయం.

మీ నిజాయితీకి సంతోషం. కానీ మా కంప్యూటరు "లేనప్పుడు లేదు" అనే జవాబు తీసుకోవడం లేదు. అనారోగ్యం, చదువు, ప్రయాణం, కుటుంబ బాధ్యత. వీటిలో ఏదో ఒకటి నొక్కాలి. పోయినేడాది ఏడు నెలల ఖాళీ అయితే మా డైరెక్టరు తిరుమలరావు గారికి అస్సలు మింగుడుపడటం లేదు. ఆ ఏడు నెలలూ మీరేం చేశారు? మిమ్మల్ని ఎరిగిన పెద్దవాళ్ళ ఫోను నంబరు కూడా ఒకటి పంపండి. మా ధర్మేంద్ర మాట్లాడి వివరాలు సరిచూస్తారు.

భవదీయురాలు,
పద్మకుమారి

తా.క. నాలుగో ఖాళీ సంగతి మీరు చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు దానికీ ఒక ఫారం.

*

7 ఆగస్టు, గురువారం. ఈదురుగాలి. జారిన పెంకులు సర్దాను.

పద్మకుమారి గారికి నమస్కారం.

ఆ ఏడు నెలలూ ఫోను చూసుకున్నాను. సిగ్నలు లేదేమోనని పక్కవాళ్ళ మేడ ఎక్కి చూశాను. సిగ్నలు ఉంది, ఫోనే రాలేదు. ఊరికే ఉండలేక ఊళ్ళో పెళ్ళి శుభలేఖల్లో తప్పులు దిద్దాను. తర్వాత కిరాణా కొట్టు బోర్డు దిద్దాను. కొట్టువాడు అడగలేదు. సాయంత్రాలు స్టేషను దాకా నడిచి, రైలెక్కకుండా తిరిగొచ్చేవాణ్ణి. దాన్ని ప్రయాణం కింద నొక్కవచ్చునా? మీరు నొక్కమన్నది నొక్కుతాను.

మా మేనత్త గున్నమ్మ పక్కింట్లోనే ఉంటుంది. నంబరు కింద రాశాను.

ఇట్లు,
జగన్నాధం

తా.క. అత్తకు చెవులు బాగా వినబడతాయి. అయినా గట్టిగానే మాట్లాడుతుంది. ధర్మేంద్ర గారు ఫోను కాస్త దూరంగా పట్టుకోవాలి.

*

12 ఆగస్టు, విశాఖపట్నం

జగన్నాధం గారికి,

ధర్మేంద్ర మీ అత్తగారితో మాట్లాడారు. ఆయన రాసుకున్నది ఉన్నదున్నట్టు పంపుతున్నాను.

"మీవాడు మధ్యలో అన్నాళ్ళు ఖాళీగా ఎందుకున్నాడమ్మా?"

"ఆడికి తొందరేటున్నాది బాబూ? రెండు సోట్ల మాటలదాకా వొచ్చి తప్పిపోనాయి. తప్పు మావోడిది కాదు."

"అలవాట్లు?"

"సుట్ట ముట్టడు, మందు ముట్టడు. కోపమొచ్చినా మాటాడడు. మామూలుగానూ మాటాడడు."

"పని బాగా చేస్తాడా?"

"ఆడి సేత పని సేయించుకుంటారేటి? మా ఇంట్లో పుల్ల ఇరవనియ్యం."

"విశాఖ వచ్చి మా దగ్గర ఉండాలమ్మా."

"మీ కాడుండడమేటి? మా ఇంటా ఒంటా లేదు. మీ మనిషినే ఇక్కడికి పంపండి."

పెద్దవాళ్ళతో మాట్లాడి చెబుతామని ధర్మేంద్ర ఫోను పెట్టేశారు. మీరు మధ్యలో వదిలేసిన ఆ రెండు సంస్థలు ఏవి? మా మనిషిని మీ ఊరు ఎందుకు పంపాలి? అసలు మీకు ఉద్యోగం చేసే ఉద్దేశం ఉందా?

భవదీయురాలు,
పద్మకుమారి

తా.క. మా డైరెక్టరు గారికి అక్కచెల్లెళ్ళు ఎందరని ఆవిడ ఎందుకడిగారో ఇక్కడ ఎవరికీ బోధపడలేదు.

*

14 ఆగస్టు, గురువారం. ఎండ. సైకిలుకి పంచరు వేశాను.

పద్మకుమారి గారికి నమస్కారం.

తప్పు నాది. అత్తకు ముందుగా చెప్పలేదు. మావైపు తెలియని మనిషి ఫోను చేసి కుర్రాడి అలవాట్లు అడిగితే అది పెళ్ళి సంబంధమే. ఉద్యోగానికి ఇంత అడుగుతారని ఎవరూ అనుకోరు. పైగా "పెద్దవాళ్ళతో మాట్లాడి చెబుతాం" అంటే ఇష్టం లేదని అర్థం. రెండు రోజులుగా ఊరంతా నన్ను ఓదారుస్తోంది. ఒకాయన అరటిపళ్ళు తెచ్చాడు.

ఇది ఉద్యోగం అత్తా అని చెప్పాను. "ఏదైతే ఏటిరా? ఆల్లు మన గురించి వాకబు సేసినారు. మనం సెయ్యొద్దా?" అంది. విశాఖలో ఆటో నడిపే మా అప్పలసూరి బావకి ఫోను చేసింది. బావ నిన్న పొద్దున్నంతా మీ ఆఫీసు కింద టీ బడ్డీలో కూర్చున్నాడు. పోయినేడాది మీ ఆఫీసుకి ఏడు నెలలు తాళం ఉందట.

అత్త అడగమంది, నేను అడగడం లేదు. ఆ ఏడు నెలలూ మీరేం చేశారు?

ఇట్లు,
జగన్నాధం

తా.క. టీ బడ్డీవాడు మీ గురించి మంచిగానే చెప్పాడు. ఈమధ్య మాత్రం టీ చల్లారేదాకా ఫోను చూసుకుంటున్నారట.

*

18 ఆగస్టు, విశాఖపట్నం

జగన్నాధం గారికి,

మీ ప్రశ్న తీసుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళాను. ఆయన తలుపు వేసి ఉన్నమాట చెప్పారు. ఒక కాంట్రాక్టు అయిపోయింది, ఇంకోటి రాలేదు. అంతే. పని ఇచ్చేవాళ్ళకు మాత్రం "విస్తరణ పనులు" అని రాశాం. విస్తరించినవి సాలెగూళ్ళే. నేను ఇంట్లో మా ఆయన చొక్కాలకు బొత్తాలు కుట్టాను. ఊడినవి అయిపోతే, ఊడనివి ఊడదీసి కుట్టాను.

ఉద్యోగం మీకే ఇమ్మన్నారు. ఒకటో తారీఖున చేరాలి. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఇప్పుడున్న పని మార్చి దాకానే. ఆ తర్వాత మళ్ళీ తాళం పడదని రాసివ్వలేను. చెన్నైవాళ్ళ గడువు ఎల్లుండి. బాగా ఆలోచించుకోండి.

భవదీయురాలు,
పద్మకుమారి

తా.క. మీ ఖాళీలన్నిటికీ "కుటుంబ బాధ్యత" నొక్కాను. గున్నమ్మ గారితో మాట్లాడినవారు కనుక, ధర్మేంద్ర కూడా అదే సరైనదన్నారు.

*

20 ఆగస్టు, బుధవారం. మబ్బు. సంచి సర్దాను.

పద్మకుమారి గారికి నమస్కారం.

చేరుతున్నాను.

రెండు రోజులు ఆలోచించాను. అంటే ఇంట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి ఇంట్లోకీ తిరిగాను. మీదీ శాశ్వతం కానప్పుడు రెంటికీ తేడా ఏమిటో తేలలేదు. పొద్దున్న ఏదో ఒకటి చెప్పేద్దామని చెన్నైకి ఫోను చేశాను. వాళ్ళు నాకు పెళ్ళి శుభాకాంక్షలు చెప్పి, పని ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. నేను స్నానంలో ఉండగా వాళ్ళు చేస్తే అత్త ఎత్తిందట. "మావోడికి కుదిరిపోనాది బాబూ. మీరింకోడిని సూసుకోండి" అందట.

"ఎందుకలా చెప్పావు? అక్కడ మళ్ళీ తాళం పడితే?" అని అరిచాను. నేను అరవడం అత్త ఇంతవరకూ వినలేదు. అయినా బియ్యం ఏరడం ఆపలేదు.

"పడనీరా. ఆల్లకీ ఏడు నెలలు, నీకూ ఏడు నెలలు. రేపు ఒకలినొకలు ఎత్తిపొడుసుకోడానికుండదు. ఇంత ఈడూజోడూ కుదిరిన సంబంధం మళ్ళీ దొరుకుతాదేటి?"

నేను లోపలికెళ్ళి సంచి సర్దాను.

ఇట్లు,
జగన్నాధం

తా.క. ఒకటో తారీఖు దాకా ఆగడం అత్తకి ఇష్టం లేదు. ఈ సాయంత్రం రైలుకే ఇద్దరం వస్తున్నాం. ఆఫీసు చూస్తుందట. ధర్మేంద్ర గారికని ఒక పుంజుని కూడా తెస్తోంది, ప్రాణంతోనే. దాన్ని గంప కింద మూసి తాడు కట్టమంది. మూశాను. తాడు కోసం ఇటు తిరిగేసరికి అది గంపతో సహా వీధిలో పడింది. పట్టుకోవడానికి వెళ్తున్నాను.