గంజి అడిగిన పూట

హిందూపురం,
ఆదివారం మధ్యాహ్నం.

మీకు వనిత నమస్కారం. ఇక్కడ అందరమూ క్షేమం. పోయిన ఉత్తరంలో ఈ మాట అలవాటు కొద్దీ రాశాను. ఈసారి ఆలోచించే రాస్తున్నాను. మీరు ఆ చలికొండ మీద కాపలా కాస్తూ ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నారని తలుస్తాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వాన పడింది. చెనక్కాయ బాగా మొలిచింది. నల్లమొహం గొర్రె ఈనింది, పిల్లదీ నల్లమొహమే. ధర్మవరం నుంచి మా అమ్మ వచ్చి చూసిపోయింది. మీరు పంపిన పుస్తకం సగం చదివాను. ఇక, మీ నాయన ఫోనుకు ఎందుకు రావడం లేదని అడిగారు. గొర్రెల వెంట పోయారని అత్త మీతో అంది. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. నిజానికి ఆ మరుసటి ఉదయమే ఆయనకు ఇక్కడ ఆసుపత్రిలో ఆపరేషన్. కంగారుపడకండి. ఇప్పుడు ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నారు. నేను మంచం పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

గజ్జల దగ్గర ఆయనకు చాలాకాలంగా వాపు ఉందట. అత్తకు కూడా చెప్పలేదు. ఈమధ్య పేగు ఆ వాపులోకి జారి ఇరుక్కుపోయింది. తిన్నది ముందుకు పోక ఒకటే వాంతులు. పెనుకొండలో చూపిస్తే, ఆలస్యం చేయకుండా హిందూపురం తీసుకుపొమ్మన్నారు. ఇక్కడ చెడిపోయిన పేగు ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. మీకు సెలవు దొరకదని, ఒంటరిగా దిగులుపడతారని అత్త మీకు చెప్పనివ్వలేదు.

రోగి దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. అత్త గొర్రెలను వదిలి రాలేదు. మందుచీటీలు చదవడానికని నేను ఉన్నాను. మీకు తెలుసు కదా, పెళ్లయినప్పటి నుంచి మీ నాయన నాతో నేరుగా మాట్లాడింది లేదు. "మ్మే, ఆ పాపను అన్నం తినమను" అని అత్తతో అంటారు. నా జవాబూ అత్త ద్వారానే పోతుంది. ఇక్కడ మా మధ్య అత్త లేదు, చాటుకు తలుపూ లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. గాలి పోయేదాకా గంజి కూడా ఇవ్వొద్దని డాక్టర్ అన్నారు. కాన్వెంటులో పేగుల బొమ్మ గీసి పేర్లు రాసినదాన్నే, కానీ అవి ఎలా నడుస్తాయో నాకు తెలియదు. డాక్టరే చెప్పారు. పేగు గోడ ముద్దకు వెనక బిగుస్తుంది, ముందర వదులవుతుంది. అలా కొంచెం కొంచెంగా ముద్దను తోసుకుపోతుంది. ఇందుకు మెదడు ఆజ్ఞ అక్కర్లేదు, పేగుకు తన నరాలు తనకే ఉన్నాయి. మెదడు తొందరపెట్టగలదు, నిదానించగలదు, అంతే. కత్తి పడి, చేతులు తగిలాక అది కొన్నాళ్లు కదలడం మానేస్తుంది. చిన్నపేగు ముందు లేస్తుంది, పెద్దపేగు అన్నిటికన్నా ఆలస్యంగా. గాలి బయటికి వచ్చిందంటే చివరిదాకా దారి తెరుచుకున్నట్టే.

పక్క మంచం మీద అగళి నుంచి వచ్చిన చంద్రప్ప అనే ఆయన ఉన్నారు. అంతా విని, "ఏమబ్బా నల్లప్పా, నీ పేగు కొత్తల్లుడి మాదిరి అలిగి పండుకుండాది. బతిమాలుకో!" అన్నారు.

"నవ్వించొద్దప్పా, కుట్లు పీకుతాండాయి" అన్నారు మీ నాయన.

నోరు నమిలితే తిండి వస్తోందనుకుని పేగు లేస్తుందని నర్సు ప్రేమలతగారు చూయింగ్ గమ్ ఇచ్చారు. మీ నాయన గోడవైపు తిరిగి నమిలేవారు. గొర్రెలు కాసీ కాసీ నెమరేసేది నేర్చినాడని చంద్రప్ప ఎగతాళి. వరండాలో నడిపించాను కూడా. ఆయన ముందు, సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నేను వెనక.

రోజూ డాక్టర్ వచ్చి, "గాలి పోయిందా పెద్దాయనా?" అని అడిగేవారు. మీ నాయన ఒకసారి నావైపు, ఒకసారి పైకప్పువైపు చూసి, "లేదు సార్" అనేవారు. కడుపు కొంచెం ఉబ్బింది. శుక్రవారం డాక్టర్ ముఖం మారింది. "రేపటికీ రాకపోతే బెంగళూరు తీసుకుపోవాలమ్మా. కుట్టు దగ్గర ఏదైనా అడ్డముంటే మళ్లీ తెరవాలి" అన్నారు.

ఆయన పోయాక మీ నాయన గోడతో చెప్పినట్టు అన్నారు. "మళ్లా కోయించుకునేది నాతో కాదు. నన్ను ఇంటికి తోలండి. ఏమైతే ఆడే అయితాది."

ఇప్పుడు మీకు అసలు సంగతి చెప్పాలి. ఫోనులో నేను చెప్పలేనిది ఇదే.

గాలి గురువారం సాయంత్రమే వచ్చింది. నేను విన్నాను. కిటికీ దగ్గర తువ్వాలు పిండుతున్నాను. వెనక్కి తిరిగితే ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, కానీ రెప్పలు కదులుతున్నాయి. విననట్టే ఫ్లాస్కు తీసుకుని బయటికి పోయాను. ఆయన మర్యాద కాపాడాననుకున్నాను. మర్నాడు ఆయన లేదన్నప్పుడు నేను తల దించుకున్నాను. కోడలి ముందు ఒప్పుకోలేక ఆయన, మామ సంగతి నలుగురిలో చెప్పలేక నేను. డాక్టర్ బెంగళూరు అన్నాక నర్సు బల్లదాకా పోయాను. టైమెంతయిందని అడిగి వచ్చేశాను. మీ ప్రాణంతో సమానమైన మనిషిని నా సిగ్గు కొద్దీ మళ్లీ కత్తి కిందికి పంపబోయాను.

నిన్న ఉదయం డాక్టర్ అడిగారు. "లేదు సార్" అన్నారు మీ నాయన. డాక్టర్ బెంగళూరుకు చీటీ రాయడం మొదలుపెట్టారు.

"వచ్చింది సార్" అన్నాను. గొంతు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. వార్డంతా నావైపు తిరిగింది. "మొన్న సాయంత్రం. నేను విన్నాను."

ముందుగా తేరుకున్నది చంద్రప్పే. "సాక్షి దొరికింది! కేసు కొట్టేయండి సార్!"

మీ నాయన దుప్పటి తల మీదికి లాక్కున్నారు. నిజం చెప్పమని డాక్టర్ అంటే దుప్పటిలో నుంచే గొంతు వచ్చింది. "వచ్చిండాది సార్. రెండు మూడు తూర్లు. ఆ బిడ్డ ముందర ఎట్ల చెప్పేది?"

డాక్టర్ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత దాన్ని నా చెవులకు పెట్టారు. లోపల ఎక్కడో గులకరాళ్ల మీద నీళ్లు పోతున్నట్టు చప్పుడు. ఆగింది, మళ్లీ వచ్చింది. ఆయన చీటీ చింపేసి, గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, ఆ తర్వాత పలుచని గంజి ఇవ్వమన్నారు.

మీ నాయన పగలంతా నావైపు చూడలేదు. గంజి కూడా గోడను చూస్తూనే తాగారు. ఆయన పరువు నలుగురిలో తీశాను, ఇక ఆ ఇంట్లో ఎలా తిరగను అనుకున్నాను. సాయంత్రం మీ పుస్తకం తెరిచి, చదవకుండా కూర్చున్నాను.

"వనితమ్మా" అని వినబడింది.

అత్త వచ్చిందేమోనని వాకిలివైపు చూశాను. ఎవరూ లేరు. ఆయన నన్నే చూస్తున్నారు.

"ఇంగొంచెం గంజి ఉండాదా? ఆకలైతాండాది."

ఈ పూట మెత్తటి అన్నం పెట్టమన్నారు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారట. ఇందాక ఆయన ఈ కాగితం చూసి, "వానికి ఏం రాస్తాండావు?" అని అడిగారు. ఆయన ఆరోగ్యం గురించి అని చెప్పాను. "ఆ ఒక్క సంగతి మాత్రం రాయొద్దుమ్మా" అన్నారు. రాయనన్నాను.

కనుక ఈసారి ఫోనులో నాయన గొంతు వినబడినప్పుడు మీరు నవ్వకూడదు.

ఇట్లు,
మీ నాయనే పేరు పెట్టి పిలిచే కోడలు,
మీ
వనిత