హంతకుడికి నా పేరు

సుందరరావూ,

ఇది నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయాక ఇప్పుడు నీ డిటెక్టివ్ నవల మళ్ళీ అచ్చు వేస్తున్నారట. మొన్న మీ ఆవిడ రాజోలు నుంచి వచ్చి ఒక కాపీ నా చేతిలో పెట్టింది.

“హంతకుడికి మీ పేరే ఉందండీ అన్నయ్యగారూ. మార్పించెయ్యమంటారా? అప్పట్లో ఆయనతో మాటే మానేసేరు కదండీ,” అంది.

మానేశాను. అబద్ధసాక్ష్యం పలికేవాడని చర్చిలో నా ఆదివారం ప్రసంగంలోనే నీ మీద నిప్పులు కురిపించాను. పుస్తకం మాత్రం తెరవలేదు. ఇవాళే చదివాను.

అందులో నా పేరున్న బోధకుడు ప్రసంగానికి ముందు కళ్ళజోడు తీసేస్తాడు. జనం ముఖాలు కనిపిస్తే అతనికి నోరు పెగలదు. అలాంటివాడు, తను ప్రసంగిస్తుండగా ఒకడు వెనక వరుసలోంచి లేచి వెళ్ళడం చూశానని చెప్పి దొరికిపోతాడు.

హత్య సంగతి దేవుడెరుగు, ఆ భయం నాదే. నా భార్య కూడా కనిపెట్టలేదు. నిన్ను తిట్టిన ఆదివారం నువ్వు ముందు వరుసలోనే ఉన్నావట. నీ ముఖం నేను చూడలేదురా.

ఇందాక మీ ఆవిడకి ఫోన్ చేశాను.

“పేరు అలాగే ఉండనివ్వమ్మా.”

“జనం మళ్ళీ నవ్వుతారేమోనండీ?”

“నవ్వనీ. నన్నంతగా ఎరిగినవాడు ఇంకొకడు లేడని వాళ్ళకీ తెలియాలి.”

“ఆయ్, అలాగేనండీ,” అంది.